మీ బండికి తగిన బ్రేకు ప్యాడు ఏది?

ఖరీదైనదే మంచిదని కొందరు, గట్టిదే మన్నుతుందని కొందరు, ఏదైనా ఒకటేనని మరికొందరు అనుకుంటారు. ముగ్గురి ఊహా పొరపాటే.

సూరత్ నగరంలో బట్టల మార్కెట్లు తెరిచే వేళకు రింగురోడ్డు కిక్కిరిసిపోతుంది. మరమగ్గాల షెడ్ల నుండి ముడి బట్ట తానులను మోసుకువచ్చే టెంపోలు, పార్సిళ్లు నింపుకున్న మూడు చక్రాల బండ్లు, వెనక సీటుమీద చీరల మూటలు కట్టుకున్న మోటారు సైకిళ్లు ఒకదాని వెనుక ఒకటి కదులుతూ ఆగుతూ, ఆగుతూ కదులుతూ ఉంటాయి. పది నిమిషాల ప్రయాణంలో డ్రైవరు ఎన్నిసార్లు బ్రేకు తొక్కుతాడో అతనికే లెక్క తెలియదు. తొక్కిన ప్రతిసారీ బండి ఆగుతుంది. ఆగుతున్నంత కాలం బ్రేకు గురించి ఎవరికీ ఆలోచన రాదు.

ఈ నగరంలో తెలుగువారి సంఖ్య తక్కువ కాదు. వరంగల్లు, కరీంనగరం, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాన్ని నమ్ముకొని తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్, పర్వత్ పాటియా, ఉధ్నా ప్రాంతాలలో తరాలుగా స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతున్నది. ఈ కుటుంబాలలో బండి ఒక విలాసం కాదు. వారమంతా సరుకు మోసేది అదే. బతుకమ్మ పండుగకో, మేడారం జాతరకో సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని సొంత ఊరికి ఇంటిల్లిపాదినీ చేర్చేదీ చాలా ఇళ్లలో అటువంటి బండే.

ప్రయాణానికి ముందు బండిని మెకానిక్కుకు చూపించడం అలవాటు. చక్రం విప్పి చూసిన మెకానిక్ ప్యాడ్లు అరిగిపోయాయని చెప్పి, మరుక్షణం వేసే ప్రశ్న ఒకటే: “అన్నా, ఏది ఎయ్యమంటవ్? కంపెనీదా, లోకలా?”

ఆ ప్రశ్నకు చాలామంది ధరను బట్టి జవాబు చెబుతారు. నిజానికి దానిని ధరతో తేల్చడం సాధ్యం కాదు. మంచి ప్యాడు అని విడిగా ఒక వస్తువు లేదు. ఒక బండికి, అది మోసే బరువుకు, అది తిరిగే దారికి సరిపోయిన ప్యాడు మాత్రమే ఉన్నది. ఈ మాట ఎందుకు నిజమో తెలియాలంటే బ్రేకు తొక్కినప్పుడు ఏమి జరుగుతుందో ముందు తెలుసుకోవాలి.

ఆపడమంటే వేడి పుట్టించడమే

పరుగెత్తే బండిలో శక్తి నిండి ఉంటుంది. ఆ శక్తి మాయమైపోదు, మరొక రూపంలోకి మారుతుంది. బ్రేకు చేసే పని ఆ పరుగును వేడిగా మార్చి గాలిలోకి వదిలివేయడమే.

చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం పేరు డిస్కు. దానిని రెండు వైపులా పట్టుకొని ఉండే పనిముట్టు కాలిపర్. డ్రైవరు పెడల్ తొక్కగానే గొట్టాలలోని బ్రేకు ఆయిల్ ఆ ఒత్తిడిని కాలిపర్‌లోని పిస్టనుకు చేరవేస్తుంది. పిస్టను ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ఉక్కు పలకకు అంటించిన రాపిడి పదార్థమే ప్యాడు. కార్ల ప్యాడ్లలో ఆ పదార్థం కొత్తగా ఉన్నప్పుడు సాధారణంగా 10 నుండి 12 మిల్లీమీటర్లు, అంటే అరంగుళానికి కాస్త తక్కువ మందం ఉంటుంది. ఇంటిల్లిపాదీ భద్రత ఆధారపడి ఉన్నది ఆ కొద్దిపాటి మందం మీదనే.

ఒక చిన్న లెక్క చూడండి. 1,000 కిలోల బరువున్న కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దానిని పూర్తిగా ఆపడానికి 200 కిలోజౌళ్ల శక్తిని వేడిగా మార్చవలసి ఉంటుంది. ఒక లీటరు నీటిని మామూలు వేడి నుండి చేయి పెట్టలేనంతగా, అంటే సుమారు 48 సెంటీగ్రేడు డిగ్రీల మేర వేడెక్కించడానికి ఆ శక్తి చాలును. ఈ పని మూడు నాలుగు సెకన్లలో జరిగిపోతుంది. వేగం సగానికి తగ్గితే ఈ శక్తి సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. నగరంలో నెమ్మదిగా తిరిగినప్పుడు చక్కగా పనిచేసిన ప్యాడు రహదారి మీద తడబడటానికి మూలకారణం ఇదే.

కొండ దారి కథ ఇంకా వేరు. అదే కారు నూరు మీటర్ల ఎత్తు దిగితే 980 కిలోజౌళ్ల శక్తిని వదిలించుకోవాలి. అంటే 72 కిలోమీటర్ల వేగం నుండి దాదాపు ఐదుసార్లు ఆగినంత. కొంత భారాన్ని ఇంజను భరించినా, మిగిలినదంతా బ్రేకులే మోయాలి. సూరత్ వారు సెలవు దినాలలో వెళ్లే డాంగ్ జిల్లాలోని సాపుతారా కొండ నుండి దిగేటప్పుడు ఈ నూరు మీటర్లు ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయి. హజీరా నుండి సూరత్ మీదుగా ధూలే, నాగపూర్‌ల వైపు సాగే 53వ నంబరు జాతీయ రహదారి మీద కొండాయిబారీ ఘాటూ, తిరుమల నుండి దిగే దారీ, శ్రీశైలం ఘాటూ ఈ కోవలోనివే.

చెప్పు తోలు నుండి నేటి దాకా

రాపిడి పదార్థం కోసం మనిషి వెదకడం మోటారు కారు పుట్టుకతోనే మొదలైంది. 1888 ఆగస్టులో జర్మనీలో కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్‌కు కారులో బయలుదేరింది. అది ప్రపంచంలో మొట్టమొదటి దూరపు కారు ప్రయాణంగా పేరు పొందింది. కొండలు దిగుతుండగా చెక్క బ్రేకు దిమ్మలు అరిగిపోగా, దారిలో ఒక చెప్పులు కుట్టేవాని చేత ఆమె వాటికి తోలు వేయించింది. బ్రేకు లైనింగు చరిత్ర ఆ తోలు ముక్కతోనే మొదలైందని చెబుతారు.

ఇంగ్లండులో హెర్బర్ట్ ఫ్రూడ్ కొండ దారులలో గుర్రపు బండ్లవారు పాత బూట్ల తోలును బ్రేకు దిమ్మకు కట్టుకోవడం గమనించాడు. దానికంటె మెరుగైనది తయారు చేయాలని 1897లో పూనుకున్నాడు. ఆ ప్రయత్నమే తరువాత ఫెరోడో సంస్థ అయింది. 1902లో ఫ్రెడరిక్ లాంచెస్టర్ డిస్కు బ్రేకుకు పేటెంటు పొందాడు. కాని లోహం మీద లోహం రాసుకొని భరించరాని కీచుధ్వని వచ్చేది. ఆ ఊహ నిలదొక్కుకోవడానికి తగిన రాపిడి పదార్థం కావలసి వచ్చింది. 1953లో ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో డిస్కు బ్రేకులు అమర్చిన జాగ్వార్ కార్లు గెలుపొందిన తరువాతనే ప్రపంచం వాటి విలువను పూర్తిగా గుర్తించింది.

భారతదేశంలో ఈ పరిశ్రమ తమిళనాడులో బలంగా వేళ్లూనుకున్నది. 1962లో బ్రేక్స్ ఇండియా, 1964లో రానే బ్రేక్ లైనింగ్స్ ఆరంభమయ్యాయి. దేశంలోనే బ్రేకులు, వాటి లైనింగులు తయారు కావడం వల్ల కంపెనీ సామాను దిగుమతి సరుకుగానే ఉండాలన్న పరిస్థితి క్రమంగా తొలగిపోయింది.

ప్యాడులో ఏమున్నది?

చూడటానికి నల్లని ఇటుక ముక్కలా కనిపించే ప్యాడులో పది పదిహేను రకాల పదార్థాలు కలిసి ఉంటాయి. బలం కోసం నార, అన్నింటినీ పట్టి ఉంచడానికి ఫినాలిక్ రెజిన్ అనే జిగురు, పట్టు పెంచడానికి గరుకు పొడులు, పట్టు మరీ తీవ్రం కాకుండా గ్రాఫైటు, ఖాళీ నింపడానికి బేరియం సల్ఫేటు వంటి ఖనిజాలు వాడతారు. వీటిలో తెలుగువారికి బాగా పరిచయమైన వస్తువు ఒకటున్నది. అది జీడిగింజ. పప్పు తీసిన తరువాత మిగిలే పెంకులో ఘాటైన నూనె ఉంటుంది. పలాసలో జీడిపప్పు కార్ఖానాలలో పనిచేసే స్త్రీల చేతులను పొక్కించే నూనె అదే. దానిని గట్టిపరచి పొడి చేసి ప్రపంచమంతటా బ్రేకు ప్యాడ్లలో కలుపుతారు. వేడిలోనూ పట్టు నిలకడగా ఉండటానికి ఆ పొడి తోడ్పడుతుంది.

పాళ్లు మారితే ప్యాడు స్వభావం మారుతుంది. బజారులో దొరికే ప్యాడ్లను స్థూలంగా నాలుగు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది సేంద్రియ రకం. ఇందులో లోహం తక్కువ. శబ్దం చేయదు, చల్లగా ఉన్నప్పుడు కూడా వెంటనే పట్టుకుంటుంది, డిస్కును ఎక్కువగా అరగదీయదు. ధర కూడా అందుబాటులో ఉంటుంది. తీవ్రమైన వేడిలో మాత్రం దీని పట్టు ముందుగా సడలుతుంది, అరుగుదలా ఎక్కువే.

రెండవది సగం లోహపు రకం. ఉక్కు నార, ఇనుప పొడి ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వేడిని బాగా తట్టుకుంటుంది. బరువు మోసే బండ్లకూ, కొండ దారులకూ ఇది అనుకూలం. అయితే చల్లగా ఉన్నప్పుడు పట్టు కాస్త తక్కువ, శబ్దం ఎక్కువ, డిస్కు అరుగుదల ఎక్కువ.

మూడవది సిరామిక్ రకం. శబ్దమూ ధూళీ తక్కువ, మన్నిక ఎక్కువ, ధర కూడా ఎక్కువే. రోజువారీ కారు ప్రయాణానికి బాగుంటుంది. ఖరీదైనది గనుక బరువు బండ్లకూ ఇదే మేలు అనుకోవడం తగదు.

నాలుగవది లోహపు పొడిని వేడిచేసి ముద్దగట్టించిన సింటర్డ్ రకం. ఎక్కువ శక్తిగల మోటారు సైకిళ్లకు దీనిని వాడతారు. తడిలోనూ వేడిలోనూ ఇది పనిచేస్తుంది. కాని ఈ ప్యాడును తట్టుకునేలా తయారుకాని డిస్కుకు జత చేస్తే డిస్కును త్వరగా తినివేస్తుంది.

ఒకప్పుడు వీటన్నిటికీ ముందు వరుసలో నిలిచిన పదార్థం ఆస్బెస్టాస్ అనే రాతినార. వేడికి చెక్కు చెదరదు, ధర తక్కువ. కాని దాని సూక్ష్మమైన పోగులు ఊపిరితో లోపలికి పోయి దశాబ్దాల తరువాత ఊపిరితిత్తుల క్యాన్సరు వంటి వ్యాధులకు దారితీస్తాయి. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఐరోపా దేశాల సమాఖ్య 2005 నాటికి దాని వాడకాన్ని నిషేధించింది. అమెరికా 2024 మార్చిలో వెలువరించిన నిషేధంలో విడిగా అమ్మే బ్రేకు లైనింగులు కూడా ఉన్నాయి. ఊరూ పేరూ లేని చవక ప్యాడులో ఏమి కలిపారో కొనేవానికి తెలిసే అవకాశం లేదు. ఆ ధూళిని ముందుగా పీల్చేది బండి యజమాని కాదు, చక్రం పక్కన కూర్చొని పని నేర్చుకుంటున్న కుర్రవాడు. అందుచేత డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదన్న మాట ఉన్నదో లేదో చూడటం అతని పట్ల కూడా బాధ్యతే.

దారిని బట్టి ఎంపిక

సూరత్‌లో తిరిగే బండికి మూడు పరీక్షలు ఎదురవుతాయి. మొదటిది రద్దీ. ఆగడం, కదలడం తప్ప వేగం లేని ప్రయాణంలో ప్యాడు చల్లగా ఉండగానే పట్టుకోవాలి. అటువంటి చోట మామూలు కారుకు కొండ దారుల కోసం తయారైన గట్టి ప్యాడు వేస్తే మేలు జరగదు. తొలి క్షణంలో అది పట్టదు. ఆ క్షణంలోనే ముందున్న టెంపో ఆగిపోయి ఉండవచ్చు.

రెండవది బరువు. తయారీదారు ఒక బండికి బ్రేకులను నిర్ణయించేటప్పుడు ఇంత బరువు మాత్రమే మోయవచ్చునని కూడా నిర్ణయిస్తాడు. తానులు రెట్టింపుగా నింపిన టెంపో ఆగడానికి కావలసిన శక్తి బరువుతో పాటు పెరుగుతుంది. ఏ ప్యాడూ ఆ తేడాను పూర్తిగా పూడ్చలేదు. బరువు తగ్గించడానికి ఇష్టపడనివారు గట్టి ప్యాడును ఆశ్రయించడం తప్పు లెక్క.

మూడవది నీరు. వానాకాలంలో మీఠీ ఖాడీ వంటి వాగులు పొంగినప్పుడు లింబాయత్ పరిసరాలలో వీధులు మునగడం అక్కడివారికి కొత్త కాదు. 2006 ఆగస్టులో ఉకాయ్ ఆనకట్ట నుండి వదలిన నీటితో తాపీ నది నగరంలో అధిక భాగాన్ని ముంచెత్తింది. నీటిలో నుండి బయటికి వచ్చిన బండికి కొద్దిసేపు బ్రేకు పట్టదు. నెమ్మదిగా పోతూ పెడల్‌ను మెల్లగా అదిమి ఉంచితే రాపిడి వేడికి తడి ఆరుతుంది. అసలు హాని ఆ తరువాత కనిపిస్తుంది. బురదలోని ఇసుక ప్యాడులో ఇరుక్కొని డిస్కును గీస్తుంది. కాలిపర్ జరిగే పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. అప్పుడు రెండు ప్యాడ్లలో ఒకటి మాత్రమే అరుగుతుంది, బండి ఒక పక్కకు లాగుతుంది. వరదలో మునిగిన బండి బ్రేకులను విప్పి శుభ్రం చేయించకుండా కొత్త ప్యాడ్లు మాత్రం వేయించుకోవడం డబ్బు దండగ.

ఇక సొంత ఊరి ప్రయాణం. నగరంలో తిరిగే ప్యాడ్లతోనే ఘాటు దారి దిగవచ్చు, అయితే వాటికి తగిన మందం ఉండాలి, డ్రైవరుకు తెలివి ఉండాలి. దిగేటప్పుడు తక్కువ గేరులో ఉంచి భారంలో కొంత ఇంజనుకు అప్పగించాలి. పెడల్ మీద పాదం ఆనించి ఉంచకూడదు. అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి, వేగం తగ్గగానే వదలాలి. ఆ విరామంలో డిస్కుకు గాలి తగిలి చల్లబడుతుంది. అలా కాక నిరంతరం రాపిడి జరిగితే ప్యాడులోని జిగురు మాడి వాయువులు పుడతాయి, పట్టు సడలుతుంది. బ్రేకు ఆయిల్ కూడా మరిగిందంటే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడి పెడల్ మెత్తగా నేలకు అంటుకుంటుంది. ఈ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణమున్నది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల వరకు మరగదు. తేమ చేరిన తరువాత ఆ హద్దు 140 డిగ్రీలకు పడిపోవచ్చు. సముద్రపు గాలి తగిలే సూరత్ వంటి నగరంలో ప్యాడ్ల సంగతి చూసినంత శ్రద్ధగా ఆయిల్ సంగతీ చూడటం అవసరం. తయారీదారు చెప్పిన గడువుకు, చాలా బండ్లలో రెండేళ్లకొకసారి, దానిని మార్చాలి.

డబ్బా మీద చదవవలసినవి

దుకాణంలో మొదట అడగవలసినది ధర కాదు, నంబరు. ప్రతి ప్యాడుకూ ఒక పార్టు నంబరు ఉంటుంది. ఒకే పేరుగల కారులో తయారైన సంవత్సరాన్ని బట్టి, పెట్రోలు డీజిలు తేడాను బట్టి ప్యాడు మారవచ్చు. పాత ప్యాడును చేతిలో పట్టుకొని వెళ్లి ఆకారం పోల్చుకోవడం మంచిదే. కాని ఆకారం సరిపోయినంత మాత్రాన గుణం సరిపోయినట్లు కాదు. బండి పుస్తకంలోని నంబరుతోనో, ప్యాడు తయారీదారు జాబితాతోనో సరిచూసుకోవాలి.

ప్యాడు అంచు మీద కొన్ని అక్షరాలు ముద్రించి ఉంటాయి. వాటి చివర ఎఫ్ఎఫ్, జిజి, ఇఎఫ్ వంటి జంట అక్షరాలు కనిపిస్తే అవి పట్టును తెలిపే గుర్తులు. మొదటి అక్షరం మామూలు వేడిలోని పట్టును, రెండవది అధిక వేడిలోని పట్టును తెలుపుతుంది. ఇ అంటే ఘర్షణ గుణకం 0.25 నుండి 0.35 వరకు, ఎఫ్ అంటే 0.35 నుండి 0.45 వరకు, జి అంటే 0.45 నుండి 0.55 వరకు. రెండవ అక్షరం మొదటిదానికంటె దిగువ స్థాయిలో ఉంటే ఆ ప్యాడు వేడెక్కినకొద్దీ బలహీనపడుతుందన్నమాట. ఈ అక్షరాలు పరీక్షలో వచ్చిన మార్కులు కావు. జి వచ్చినది ఎఫ్ వచ్చినదానికంటె గొప్పదని అనుకోరాదు. ఎఫ్ కోసం రూపొందించిన బండికి ముందు చక్రాలలో జి వేస్తే ముందు వెనకల పొత్తు చెడి, తడి రోడ్డు మీద చక్రం బిగిసి జారే ప్రమాదమున్నది.

కొన్ని డబ్బాల మీద వలయంలో ఇ అక్షరం, దాని వెంట 90ఆర్ అన్న గుర్తు కనిపిస్తాయి. ఐక్యరాజ్య సమితి ఐరోపా ఆర్థిక సంఘం 1992లో అమలులోకి తెచ్చిన నిబంధన అది. బదులు వేసే ప్యాడు పనితీరు అసలు ప్యాడుకంటె 15 శాతానికి మించి ఎక్కువగానో తక్కువగానో ఉండరాదని దాని సారాంశం. మరీ తక్కువ పట్టునే కాదు, మరీ ఎక్కువ పట్టును కూడా ఆ నిబంధన దోషంగానే పరిగణించింది. ప్యాడు ఎంపికలోని రహస్యమంతా ఇందులో ఇమిడి ఉన్నది.

కంపెనీదా లోకలా అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. బండి తయారీదారు పేరుతో వచ్చేది ఒక తరగతి. బండ్ల కంపెనీలకు బ్రేకులు సరఫరా చేసే సంస్థలు తమ సొంత పేరుతో అమ్మేది రెండవ తరగతి. ఇది తరచు చవకగా దొరుకుతుంది, నాణ్యతలో తీసిపోదు. మూడవది తయారీదారు చిరునామా గాని, పార్టు నంబరు గాని, తయారైన తేదీ గాని లేనిది. నాలుగవది పేరున్న సంస్థ డబ్బాను అనుకరించిన డూప్లికేటు. మొదటి రెండింటిలో దేనినైనా ధర చూసి నిశ్చింతగా ఎంచుకోవచ్చు. చివరి రెండింటికి దూరంగా ఉండాలి. అచ్చు మసకబారినా, అక్షరదోషాలున్నా, ప్యాడు అంచున పగుళ్లున్నా, ఉక్కు పలక నుండి పదార్థం ఏ కొంచెం విడివడినా ఆ సరుకు తీసుకోకూడదు. బిల్లు ఇవ్వడానికి వెనుకాడే దుకాణంలో ప్రాణరక్షక వస్తువు కొనడం తెలివైన పని కాదు.

ఎప్పుడు మార్చాలి, ఎలా బిగించాలి?

ఇన్ని వేల కిలోమీటర్లకు మార్చాలన్న లెక్క ఎవరికీ కచ్చితంగా వర్తించదు. కొలవవలసినది దూరం కాదు, మందం. కారులో రాపిడి పదార్థం 3 మిల్లీమీటర్లకు చేరినప్పుడు మార్చడం క్షేమం. మోటారు సైకిలు ప్యాడ్లకు మధ్యలో గాడి ఉంటుంది. ఆ గాడి చెరిగిపోకముందే మార్చాలి. కొన్ని ప్యాడ్లకు సన్నని రేకు తగిలించి ఉంటుంది. అరుగుదల హద్దు దాటగానే ఆ రేకు డిస్కుకు తగిలి కీచుమని అరుస్తుంది. దానిని విని రేడియో శబ్దం పెంచేవారున్నారు! ఆ కీచు ఆగి గరగరమనే చప్పుడు మొదలైతే ఉక్కు పలకే డిస్కును కోస్తున్నదని అర్థం. అప్పుడు ప్యాడుతోపాటు డిస్కు ఖర్చు కూడా నెత్తిన పడుతుంది.

బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం క్రమంగా దిగడం కూడా ఒక సూచనే. ప్యాడు అరిగినకొద్దీ పిస్టను ముందుకు జరిగి ఆ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. కారణం వెదకకుండా ఆయిల్ పోసి ఊరుకోవడం జ్వరానికి మందు వేయక థర్మామీటరు దాచిపెట్టినట్లే.

బిగింపులో కొన్ని నియమాలు తప్పనిసరి. ఒక ఇరుసుకు చెందిన రెండు చక్రాలకూ ప్యాడ్లు ఒకేసారి మార్చాలి. ఒక పక్క కొత్తది, మరొక పక్క పాతది ఉంటే బండి లాగుతుంది. డిస్కు అంచున కనీస మందం ఎంతో చెక్కి ఉంటుంది. దానికంటె పలుచబడిన డిస్కుకు కొత్త ప్యాడు వేయడం వ్యర్థం. కాలిపర్ పిన్నులకు తగిన గ్రీజు రాయాలి, ప్యాడు ముఖానికి మాత్రం గ్రీజు గాని, నూనె చేతులు గాని తగలకూడదు. ధూళిని గాలి గొట్టంతో ఊదడానికి బదులు తడిగుడ్డతో తుడవాలి. వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులున్న కార్లు మన రోడ్ల మీద అనేకం ఉన్నాయి. ముందు ప్యాడ్లు మార్చినప్పుడే వెనక షూ లైనర్లను కూడా చూపించుకోవాలి.

పని పూర్తికాగానే బండి కదలకముందు పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి గట్టిపడేలా చేయాలి. వెనక్కు నెట్టిన పిస్టను మళ్లీ ప్యాడును చేరేవరకు మొదటి తొక్కుడుకు బ్రేకు పట్టదు. గ్యారేజీ గుమ్మంలోనే గోడను ఢీకొన్న కార్లకు చాలాసార్లు ఇదే కారణం. తరువాత రెండు మూడు వందల కిలోమీటర్ల వరకు హఠాత్తుగా తొక్కకుండా నిదానంగా నడిపితే ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి ఒదుగుతాయి. కనుక ఊరి ప్రయాణానికి ముందునాటి రాత్రి ప్యాడ్లు మార్పించి, తెల్లవారి ఘాటు దారి ఎక్కడం వివేకం అనిపించుకోదు. కనీసం పది రోజుల ముందు ఆ పని ముగించాలి.

యంత్రం చేయలేని పని

2019 ఏప్రిల్ 1 నుండి మన దేశంలో 125 సి.సి.కి మించిన ద్విచక్ర వాహనాలకు ఎ.బి.ఎస్. ఉండి తీరాలన్న నిబంధన అమలులోకి వచ్చింది. చక్రం బిగిసి జారకుండా చూసే ఈ ఏర్పాటు ఎన్నో ప్రాణాలను కాపాడగలదు. కాని అరిగిన ప్యాడుకు అది మందం తెచ్చిపెట్టలేదు, నకిలీ ప్యాడుకు పట్టు ఇవ్వలేదు. ఎంత తెలివైన యంత్రమైనా చివరకు ఆ అరంగుళం పదార్థాన్నే నమ్ముకొని ఉన్నది.

అందుచేత మెకానిక్ అడిగే ప్రశ్నకు ముందే బండి యజమాని మూడు ప్రశ్నలకు జవాబు సిద్ధం చేసుకోవాలి. ఈ బండికి తయారీదారు నిర్దేశించిన ప్యాడు ఏది? ఈ బండి ఎక్కువగా ఎక్కడ, ఎంత బరువుతో తిరుగుతుంది? ఈ ప్యాడును తయారు చేసినవారు తమ పేరును, నంబరును, తేదీని దాని మీద ధైర్యంగా ముద్రించారా? ఈ మూడూ తెలిసినవానికి కంపెనీదా లోకలా అన్న సందేహం దాదాపు మిగలదు. నిర్దేశించిన రకం, నమ్మదగిన పేరు, సరైన బిగింపు, ఈ మూడింటికీ ధరలో తేడా ఒక చీర ఖరీదును మించకపోవచ్చు. దాని విలువ తెలిసేది మాత్రం రోడ్డు మీదికి ఒక పసివాడు పరుగెత్తుకు వచ్చిన క్షణంలోనే. ఆ క్షణంలో ప్యాడు మార్చుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.